బండి తలుపైన ఏడాది

మా కుందుర్పి వైపు ఇళ్లలో కొయ్యను పారేసేవాళ్లు కాదు. పశువుల కొట్టం మూలనో, గాదె వెనకనో, అటక మీదనో ప్రతి ఇంటికీ ఒక కొయ్యల కుప్ప ఉండేది. విరిగిన కాడిమాను, అరిగిపోయిన మేడి, కోడు ఊడిన మంచం పట్టె, చెదలు సగం తిని సగం వదిలిన దంతె, జడ్డిగం పగిలిన గొర్రు. చూసేవాళ్లకు అదంతా పొయ్యిలోకి పోవాల్సిన సామానే. మా నాయన మాత్రం అందులోంచి ఒక్క ముక్కను కూడా పొయ్యి దగ్గరికి పోనిచ్చేవాడు కాదు. "ఇవన్నీ ఎందుకు నాయనా?" అంటే, "ఉండనీరా, ఏదో ఒకదానికి అవుతాయి" అనేవాడు. అమ్మ సణిగేది. ఆ కుప్పలో తేళ్లు చేరతాయని ఆమె బాధ. తేళ్లు చేరిన మాట నిజమే.

ఈ పిసినారితనానికి కారణం వాన. అనంతపురం జిల్లాలో ఏడాదికి సగటున పడేది సుమారు 550 మిల్లీమీటర్లు. జైసల్మేరు తర్వాత దేశంలో ఇంత తక్కువ వాన పడేది మన జిల్లాలోనేనని బడిలో అయ్యవార్లు చెప్పేవాళ్లు, పరీక్షలో రెండో ర్యాంకు వచ్చినట్టు. 1985లో మండలాలు వచ్చేదాకా మాది కల్యాణదుర్గం తాలూకాలో ఒక మారుమూల. ఊరి మీద దుర్గం కొండ, చుట్టూ ఎర్రనేల, బండరాళ్లు, హద్దు దాటితే కర్ణాటక. ఇట్లాంటి నేలలో మాను లావెక్కడానికి ఒక తరం పడుతుంది. టేకు తలుపులు మేం చూసింది కల్యాణదుర్గంలో శావుకార్ల ఇళ్లకే. అందుకని రాయితో జరిగే పని రాయితోనే కానిచ్చేవాళ్లు. కొట్టానికి రాతికూసాలు, దొడ్డికి నిలువు బండలు, ఎద్దులకు రాతితొట్టి. రాయి పనికిరాని చోటే కొయ్య. మడక, గొర్రు, బండి, మంచం, తలుపు, మిద్దె కప్పు.

ఏ పనికి ఏ మాను అన్నది పిల్లలకు కూడా తెలిసేది. తలుపుకూ ద్వారబంధానికీ వేప. చేవదేరిన వేపను చెదలు అంత సులభంగా ముట్టుకోవు. మడకకూ చక్రం ఆకులకూ నల్లతుమ్మ. గూటానికి చింతచేవ. ఏపి మాను దొరికితే పండగే. అది నీళ్లలో వేస్తే మునిగిపోయేంత బరువు, గొడ్డలి దెబ్బకు నిప్పురవ్వలు రాలతాయని అనుకునేవాళ్లం. దాని పట్టతో తాళ్లు కూడా పేనేవాళ్లు. కానుగ మాత్రం నీడకూ నూనెకూ తప్ప దేనికీ కొరగాదు. నరికిన కొన్నాళ్లకే పుచ్చుతుంది.

నరకడానికి కూడా రోజులుండేవి. వెన్నెల రోజుల్లో గొడ్డలి పెట్టనిచ్చేవాళ్లు కాదు, అమావాస్య దగ్గరపడాలి. ఇందులో నిజమెంతో గానీ, ఆ తర్వాత చేసే పనికి మాత్రం గట్టి కారణమే ఉంది. నరికిన దుంగను చెరువులోనో బావిలోనో నెలల తరబడి నానవేసేవాళ్లు. కొయ్యలోని పిండి పదార్థం నీళ్లలోకి దిగిపోతుంది. పుచ్చు పురుగు బతికేది ఆ పిండి మీదే. అది లేని కొయ్య దానికి అక్కర్లేదు. చెరువు ఎండిన ఏడు కపిలబావిలో వేసేవాళ్లం. బావీ ఎండిన ఏడు మాను నరికే ఆలోచనే మానుకునేవాళ్లం. అప్పుడే అటక మీది కుప్పకు విలువ. ఎప్పుడో నాని, ఎప్పుడో ఎండి, ఒక పనిలో అరిగి, ఇక వంకర పోవడమంటూ లేని కొయ్య అది. కొత్త కొయ్య కంటే పాత కొయ్య మేలని నాయన అనేది ఇందుకే.

ఊరికి వడ్రంగి లేడా అని మీరు అడగొచ్చు. ఉన్నాడు. ఆచారి అనే పిలిచేవాళ్లం. ఆయనకు కూలి డబ్బుగా ఇచ్చేది కాదు. కళ్లం చేసిన రోజు జొన్నలో, కొర్రలో ఆయన మేర ఆయనకు కొలిచేవాళ్లు. దానికి బదులుగా ఏడాది పొడుగునా మడకలూ గొర్లూ గుంటకలూ బండ్లూ ఆయనే చూసుకోవాలి. ముంగారు వానలు దగ్గరపడే కొద్దీ ఆయన ఇంటి ముందు మడకలు వరస కట్టేవి. ఏరువాక పున్నమి నాటికి ఊళ్లో మడకలన్నీ లేవాలి. ఆ రోజుల్లో పోయి మా ఇంటి తలుపు ఊడింది, మా మంచం విరిగింది అంటే ఆయన తల కూడా ఎత్తేవాడు కాదు. "సేనిపని ముందు. ఇంటిపని మీరే చేసుకోండప్పా, చెయ్యి దాటితే పిలవండి" అనేవాడు.

రైతులందరూ సగం వడ్రంగులయింది ఈ ఏర్పాటు వల్లే. తెలివి ఎక్కువై కాదు. వెనక ఒక అసలు పనివాడు ఉన్నాడన్న ధైర్యం, చేతికింద కుప్ప, మాను గుణం తెలిసి ఉండటం, ఈ మూడూ ఉంటేనే ఉన్నదాంతో సర్దుకోవడం కుదురుతుంది. వీటిలో ఒకటి లేకపోయినా అది కక్కుర్తి పని అవుతుంది.

మా ఇంట్లో పనిముట్లు చెప్పుకోదగ్గవేం కావు. ఆచారి వాడి వాడి వదిలేసిన బాడిసె ఒకటి, పళ్లు రాలిన రంపం, సుత్తి, గొడ్డలి. ఉలి మాత్రం గట్టిది. లారీ కమాను పట్టీ ముక్కను కొలిమిలో సాగగొట్టించి చేయించింది. కమాను ఉక్కు పదును నిలుపుతుంది. కొన్న ఉలి కంటే బాగా పనిచేసేది. ఆచారి కూడా ఒకటి రెండుసార్లు దాన్ని చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు. తన ఉలిని మాత్రం ఆయన ఎవరికీ ఇచ్చేవాడు కాదు.

ఒక ఏడు ముంగారు మోసం చేసింది. హింగారు కూడా రాలేదు. గడ్డి వామి అడుగుకు వచ్చింది. ఎద్దులను సంతకు తోలాల్సి వచ్చింది. బండి ఒక్కటే మిగిలి కొట్టం ముందు నొగలు నేలకు ఆనించి పడి ఉండేది. అదే ఏడు సిన్నాయనకు పెళ్లి కుదిరింది. పడసాల పక్కన గోడలు లేచిన గది ఒకటి ఉంది, దానికి తలుపు లేదు. చేతిలో డబ్బు లేదు. కొన్నాళ్లు బండి చుట్టూ తిరిగి తిరిగి, చివరికి ఒక పొద్దున నాయన దాని మీది చెక్కలు ఊడదీయడం మొదలుపెట్టాడు. అమ్మ వద్దనలేదు. అవ్వ మాత్రం ఆ పూట సంగటి ముట్టలేదు. బండి విప్పడమంటే సేద్యం ముగిసినట్టేనని ఆమె లెక్క.

తుప్పు పట్టిన మేకులు ఊడటమే మొదటి తంటా. లాగితే తల తెగి వస్తాయి, చెక్క చీలుతుంది. నాయన చేసిన పని నాకు విచిత్రంగా కనిపించింది. మేకు చుట్టూ కిరసనాయిలు రెండు చుక్కలు వేసి, కాసేపాగి, దాన్ని లాగకుండా ముందు సుత్తితో లోపలికి ఒక దెబ్బ కొట్టాడు. తుప్పు పట్టు విడిపోయి మేకు కదిలింది. అప్పుడు లాగాడు. వంకర పోయిన మేకులను బండ మీద పెట్టి సాపు చేయడం నా పని. సగం దెబ్బలు నా వేళ్ల మీదే పడ్డాయి.

చెక్కలు తలుపు ఎత్తుకు చాలలేదు. అతికితే నడుములో విరుగుతుంది. అందుకని తలుపును పైదీ కిందిదీ అని రెండు గళ్లు చేసి, మధ్యలో అడ్డపట్టీ వేశారు. అతుకు ఆ పట్టీ వెనక దాక్కుంది. నిలువు పట్టీలు నొగల నుంచి వచ్చాయి. నొగకు కొంచెం వంపు ఉంటుంది. ఉబ్బిన వైపు బాడిసెతో చెక్కి, చెక్కగా ఇంకా మిగిలిన సందును ద్వారబంధానికి సన్నబద్ద కొట్టి మూశారు.

మూలమట్టం మా ఇంట్లో లేదు. తలుపు చట్రాన్ని నేల మీద పరిచి, పై ఎడమ మూల నుంచి కింద కుడి మూలకు ఒక తాడు పట్టి ముడి వేశాడు. అదే తాడును రెండో జత మూలలకు పట్టాడు. ముడి సరిగ్గా మూలకు వస్తే చట్రం మూలలు మట్టంగా ఉన్నట్టు. రాకపోతే పొడుగున్న మూల మీద గూటంతో ఒక తట్టు, మళ్లీ తాడు. గీతలు కొట్టడానికి నూలుదారాన్ని జాజు నీళ్లలో ముంచి, రెండు కొనలు బిగించి పట్టి, నడిమిన ఎత్తి వదిలితే చెక్క మీద ఎర్రగీత పడేది. ఆ దారం వదిలే పని కోసం నేనూ మా చెల్లెలూ కొట్లాడుకునేవాళ్లం.

బెజ్జాలు పెట్టే బర్మా ఆచారి దగ్గరే ఉంది, ఆయనకేమో తీరిక లేదు. ఇనుప చువ్వను పొయ్యిలో ఎర్రగా కాల్చి బెజ్జాలు పెట్టాం. ఇల్లంతా పొగ. కాలిన బెజ్జం లోపల బొగ్గు పొర కడుతుంది, అందులో పురుగు చేరదని నాయన అనేవాడు. ఆ బెజ్జాల్లోకి కొయ్యసీలలు. వాటికి చక్రం ఆకు ఒకటి బలి. దాన్ని రంపంతో కొయ్యలేదు, బాడిసెతో నిలువునా చీల్చారు. చీల్చిన కొయ్యలో పోగు ఈ కొన నుంచి ఆ కొన దాకా తెగకుండా ఉంటుంది. కోసిన దాంట్లో పోగు ఎక్కడో తెగుతుంది, సీల అక్కడే విరుగుతుంది.

జిగురు అమ్మ చేసింది. చింతగింజలను వేయించి, పొట్టు తీసి, నానబెట్టి, రుబ్బి, సంగటి కలిపినట్టు ఉడికించింది. ఎలుకలు నాకకుండా మైలుతుత్తం చిటికెడు వేసింది. మిగిలిన జిగురులో రంపపు పొట్టు కలిపి పాత మేకు బెజ్జాలూ పగుళ్లూ పూడ్చింది. కొండపల్లి బొమ్మలవాళ్లు చేతులూ ముక్కూ అతికేది కూడా ఇదే ముద్దతోనని, దాన్ని మక్కు అంటారని చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. కుందుర్పికీ కొండపల్లికీ ఏ రాకపోకలూ లేవు. చింతచెట్టు రెండు చోట్లా ఉంది, అంతే.

జిగురు ఆరేదాకా చెక్కలను బిగించి పట్టాలి కదా. దీనికి నాయన చేసింది నాకు ఇప్పటికీ నచ్చుతుంది. కిత్తనార తాడును చట్రం చుట్టూ రెండు వరసలు చుట్టి, మధ్యలో కట్టె దూర్చి మెలితిప్పి, కట్టె జారకుండా పట్టీకి కట్టేశాడు. ఆ తర్వాత తాడు మీద నీళ్లు చల్లాడు. నార తాడు తడిస్తే లావెక్కుతుంది, లావెక్కితే పొడుగు తగ్గుతుంది. చెక్కలు కిర్రుమన్నాయి. కమ్మరి బండి చక్రానికి ఇనుప పట్టాను కాల్చి తొడిగి, నీళ్లు పోసి చల్లార్చి బిగించడం మేమందరం చూసిందే. ఆయన ఇనుముతో చేసేది నాయన నారతో చేశాడు.

మడతబందులు కొనాలంటే కల్యాణదుర్గం పోవాలి. పోలేదు. పాతకాలపు తలుపులకు బందులు ఉండేవి కావు. తలుపు అంచు కొయ్యనే పైనా కిందా గుండ్రంగా చెక్కి వదిలేవాళ్లు, ఆ రెండు కొనల మీదే తలుపు తిరిగేది. కింది కొన కూర్చోవడానికి రాతిలో గుంట కావాలి. మా కుప్పలో పగిలిన విసుర్రాయి ఒకటి ఉంది. దాని నడిమి బెజ్జం గల సగాన్ని గడప పక్కన పాతారు. పై కొనకు చక్రం కుండకు ఉండే ఇనుప కట్టు. గడియకు బండి కడశీల. అంతదాకా చక్రం జారకుండా ఆపింది, ఇక నుంచి తలుపును ఆపింది. కిర్రుమన్నప్పుడల్లా గుంటలో ఆముదం చుక్క.

చెక్కకూ చెక్కకూ మధ్య గోరు దూరేంత సందు వదిలారు, వానల్లో కొయ్య ఉబ్బుతుంది కాబట్టి. ఆ తర్వాత ఏడు కూడా వాన సరిగా లేదు. కొయ్య ఉబ్బనూ లేదు, సందులు మూయనూ లేదు. కొత్త పెళ్లికూతురు పాతచీర పీలికలు కూరుకుంది. పైపూతకు వేపనూనె, కింది అంచుకు ఆయిలింజన్‌లో వాడి తీసిన నల్లనూనె. ఆ గదిలో చాలా కాలం పెళ్లివాసన కంటే ఇంజన్ వాసనే ఎక్కువ.

పనులు తగ్గాక ఆచారి వచ్చి చూశాడు. తెరిచాడు, మూశాడు, అడ్డపట్టీ మీద వేలితో తట్టాడు. "బాగుందప్పా. కానీ ఇది ఇంకా బండే. ఎద్దుల్ని కడితే పోతాది" అన్నాడు. అందరమూ నవ్వాం. అవ్వ కూడా.

ఇదంతా గొప్ప కాలమని చెప్పడానికి రాయడం లేదు. చౌడు మిద్దె సంగతే తీసుకోండి. దూలాల మీద దంతెలు, వాటి మీద బద్దలో బండలో, ఆ పైన ఆకు, మట్టి, చివర చౌడు. చౌడు మన్ను తడవగానే మెత్తబడి సందులు పూడ్చుకుంటుంది కాబట్టి నీళ్లు దిగవు. ఏటా కొత్త చౌడు వేస్తూ పోతే బరువు పెరుగుతుంది, లోపల దంతె పుచ్చినా తెలియదు. జడివానకు మిద్దె కూలి నిద్రలోనే మనుషులు పోయిన ఇళ్లు రాయలసీమలో లెక్కలేనన్ని. కుంగిన దూలం కింద రాతికూసం నిలబెట్టి ఏళ్లు నెట్టుకొచ్చిన ఇళ్లు మా వీధిలోనే ఉండేవి. దాన్ని నేర్పు అనను, గతిలేకపోవడం అంటాను. సర్కారు పక్కా ఇళ్లు వచ్చాయి, 1969 నుంచి జిల్లాలో పనిచేస్తున్న స్వచ్ఛంద సంస్థ ఆర్డీటీ కట్టించిన ఇళ్లు వచ్చాయి. గట్టి కప్పు కింద పడుకోవడం మంచిదే.

పోయింది వేరే. జొన్న, కొర్ర తగ్గి శెనక్కాయ వచ్చింది. ఒక దశలో జిల్లాలో 8 లక్షల హెక్టార్లు దాటింది. శెనక్కాయ గాదెలోకి పోదు, మండీకి పోతుంది. కళ్లంలో కొలిచే మేర పోయి, ఆచారికి డబ్బు ఇవ్వడం మొదలైంది. డబ్బు ఇచ్చి చేయించేటప్పుడు మరమ్మతు కంటే కొత్తది కొనడమే చవక అనిపిస్తుంది. ట్రాక్టరు వచ్చాక మడకా కాడిమానూ గొర్రూ చేయించేవాళ్లు లేరు. అవి విరగనప్పుడు కుప్పలోకి చేరేదేముంది? నీరు, భూమి, చెట్ల కోసం తెచ్చిన 2002 వాల్టా చట్టం తర్వాత పచ్చని చెట్టు కొట్టాలంటే అనుమతి కావాలి. అదీ న్యాయమే, ఇంత తక్కువ వాన పడే నేలలో. గుట్టల మీద ఇప్పుడు విరివిగా ఉన్నది సర్కారు తుమ్మ. అది బొగ్గుకు పోతుంది. మా వైపు వడ్రంగుల పిల్లలు బెంగళూరులో ప్లైవుడ్ అల్మరాలు బిగిస్తున్నారు. మంచి సంపాదనే. 2023లో వచ్చిన పీఎం విశ్వకర్మ పథకంలో 18 వృత్తుల వాళ్లకు పనిముట్ల కోసం 15,000 రూపాయల దాకా ఇస్తున్నారు. పనిముట్లకు సాయం అందుతోంది, పాత వస్తువు బాగుచేయించుకునే ఇల్లే కనిపించడం లేదు. పి.వి.సి. తలుపు పగిలితే దాన్ని ఏ ఆచారీ అతకలేడు, అందులోంచి పీట కూడా రాదు.

మా అక్క కొడుకు డల్లాస్‌లో ఉంటాడు. శని ఆదివారాలు కారు షెడ్డులో కొయ్యపని చేస్తాడు. గోడ నిండా రకరకాల బిగింపు క్లాంపులు, ఇంకా కొంటూనే ఉంటాడు. ఒకసారి ఫోనులో ఆ తాడూ కట్టే నీళ్ల సంగతి చెబితే, వారం తిరక్కుండా చేసి చూసి ఫొటో పంపాడు. "మామా, పనిచేస్తోంది" అన్నాడు. వాళ్ల దగ్గర పాత గోడౌన్ల దూలాలు కోసి అమ్మే దుకాణాలు ఉన్నాయట. కొత్త కొయ్య కంటే ఆ పాత కొయ్యకే ధర ఎక్కువట. నాయన విని ఉంటే నమ్మేవాడు కాదు.

మన వైపు పాత మిద్దెలు ఇంకా పడుతూనే ఉన్నాయి. జేసీబీ ఒక పూటలో కథ ముగించేస్తుంది. దంతెలూ ద్వారబంధాలూ మట్టిలో నలిగి, ట్రాక్టరు లెక్కన వంటచెరుకుగా పోతున్నాయి. ఇల్లు కూల్చుకునేవాళ్లకు నేను చెప్పేది ఇంతే. జేసీబీని పిలిచే ముందు రోజు నలుగురు కూలీలను పెట్టి కప్పు చేత్తో దించండి. ప్రతి దంతెనూ కత్తిమొనతో పొడిచి చూడండి. మొన దిగితే పొయ్యికి, దిగకపోతే పక్కన పెట్టండి. వేపదో తుమ్మదో అయితే అందులో తలుపో, బల్లో, పిల్లల మంచమో ఇంకా ఉంది. సామిల్లుకు పంపే ముందు మేకులన్నీ పీకండి. మేకున్న కొయ్యను రంపం యజమాని ముట్టుకోడు.